మెట్లెక్కే ఇనుము

కామాటిపుర పదకొండో గల్లీలో దీపాలు పెట్టే వేళకు చాల్ అనే ఆ గదుల వరస మేడలో మెట్ల మీది బకెట్లు, చెప్పులు పక్కకు జరుగుతాయి. శివరాం వచ్చే వేళ అది. శివరాం పోయి రెండేళ్లు దాటింది. వచ్చేది అతని తుంటిలో వేసిన ఇనుము.

తాపీ పనిలో పరంజా మీంచి పడి తుంటి విరిగితే, డాక్టర్లు ఎముక గుండు తీసేసి, జానెడు కాడ ఉన్న ఇనుప గుండు దిగ్గొట్టారు. చితి ఆరాక బూడిదలో అది నల్లగా మిగిలింది. అస్థికలతో పాటు నీళ్లలో వేయబోతే, ఎముక కానిది గంగలో కలవదని పంతులు వద్దన్నాడు. భార్య రత్నాబాయి దాన్ని ఇంటికి తెచ్చి, చింతపండుతో తోమి, దేవుడి గూట్లో పెట్టింది. మర్నాటి నుంచీ అది పొద్దున దిగిపోవడం, సాయంత్రం టక్కు టక్కుమంటూ రెండో అంతస్తుకు ఎక్కి రావడం.

"జరుగుండ్రి, కాక వస్తుండు," అని కింది గది బుచ్చయ్య పిల్లలను మెట్ల మీంచి లేపేవాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

అనుకోవలసిందంతా రత్నాబాయే అనుకుంది. బతికున్నన్నాళ్లూ మొగుడు చివరి మెట్టు ఎక్కేలోపు తలుపు తీసి ఉండాలి. తీయకపోతే తాగొచ్చిన ఆ చెయ్యి తలుపు మీద కాదు, ఆమె మీద పడేది. ఆయన పోయిననాడు నలుగురితో పాటు ఏడ్చింది గానీ, లోపలెక్కడో హమ్మయ్య అనుకుంది. అదీ మూణ్ణాళ్ల ముచ్చటే అయింది.

ఇనుముకూ రోజూ అలాగే తలుపు తీసేది. ఒక సాయంత్రం టక్కుమనగానే పొయ్యి మీది పప్పు వదిలేసి పరుగెత్తింది. కడిగిన గచ్చు మీద కాలు జారి తుంటి విరిగింది. అయినా పాక్కుంటూ వెళ్లి మరీ తలుపు తీసింది.

ఆసుపత్రిలో డాక్టర్ ఎక్స్‌రే చూపించాడు. "విరిగింది గానీ ముక్క పక్కకు జరగలేదు. రెండు దారులున్నాయి. గుండు తీసి ఇనుపది పెడితే తొందరగా నడుస్తారు. లేదంటే మీ ఎముకను అలాగే ఉంచి స్క్రూలు బిగిస్తాం. నెలన్నర ఆ కాలు మోపకూడదు. రక్తం అందక గుండు ఎండిపోతే మళ్లీ కోయాల్సి రావచ్చు."

"గుండే పెట్టుండ్రి సార్," అన్నాడు కొడుకు రితేశ్. "నెలన్నర ఎవరు ఎత్తి కూసోబెడ్తరు?"

రత్నాబాయి కోడలు స్వప్న చెయ్యి పట్టుకుంది. "నాకొద్దు బిడ్డా. గా ఇనుము పెడితే, కాల్చినంక నేను గూడ గా మెట్ల మీదనే మిగుల్త, ఆయన ఎనక." తర్వాత డాక్టర్‌ను అడిగింది. "స్క్రూలు మళ్ల తీయొస్తదా సార్?"

"అతికాక కావాలంటే తీయొచ్చు."

"నేను ఎత్తుత," అంది స్వప్న. రితేశ్ చూసిన చూపుకు తల దించుకుంది గానీ, మాట వెనక్కి తీసుకోలేదు. అతనికీ తండ్రి తాగుడే అబ్బింది.

స్క్రూలు వేయించుకుని ఇంటికొచ్చిన సాయంత్రం ఇనుము ఎక్కి వచ్చి తలుపు దగ్గర ఆగింది. రత్నాబాయి లేవబోయింది.

"కాలు మోపొద్దన్నరు అత్తమ్మా."

"నువ్వన్న తియ్యి బిడ్డా. కొడ్తడు."

"ఎట్ల కొడ్తడు? చేతులు లేవు గద."

ఆ సంగతి రత్నాబాయికి ఇన్నాళ్లూ తట్టనే లేదు. తలుపు టక్కుమంది. మళ్లీ టక్కుమంది. స్వప్న పక్కనే కూర్చుని అత్త పాదం నిమురుతూ ఉండిపోయింది.

రోజూ అదే తంతు. రానురాను చప్పుడు సన్నగిల్లింది. ఎముక అతుకుతోందని డాక్టర్ చెప్పిన వారం, ఇనుము గుమ్మం దాకా వచ్చి తట్టకుండానే దిగిపోయింది. మళ్లీ రాలేదు. రత్నాబాయికి సంతోషమేమీ కలగలేదు. ఆయన బతికున్నప్పుడు ఒక్కనాడైనా తన పక్కన ఇలా ఒకరు కూర్చుని ఉంటే ఎంత బాగుండేదని కుమిలిపోయింది.

కాలు మోపవచ్చని డాక్టర్ చెప్పిన రోజే, సాయంత్రం మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. బరువుగా, తూలుతూ. రితేశ్. స్వప్న చేతిలోని గిన్నె దించేసి తలుపు వైపు ఉరకబోయింది. రత్నాబాయి ఆమె కొంగు పట్టుకుంది.

"కూసో బిడ్డా."

"కొడ్తడు అత్తమ్మా. ఈయనకు చేతులున్నయి."

"ఉన్నయి," అంది రత్నాబాయి. వాకర్ దగ్గరికి లాక్కుని, ఇన్నాళ్లకు ఆ కాలు నేలకు మోపింది. కోడలికీ తలుపుకూ మధ్య నిలబడింది. తలుపు మీద దెబ్బ పడింది. ఆమె గడియ తీయలేదు.