బొడ్డు చుట్టూ సూదులు, నా మీద గీతలు

నేనొక ఫ్లెక్సీని. అప్పుడే మొహం చిట్లించకండి. కూడలిలో స్తంభాలెక్కి అందరికీ దండాలు పెట్టే రకాన్ని కాను. పుట్టడం మాత్రం వాళ్ళతోపాటే పుట్టాను. గోదావరి జిల్లాల్లో ఒక పట్నంలో, ప్రింటింగు షాపులో, ఒకే చుట్ట నుంచి ముందు ఒక నాయకుడి పుట్టినరోజు బొమ్మ దిగింది, వెంటనే నేను దిగాను. ఆయన చుట్టూ అనుచరుల మొహాలు కిక్కిరిసి ఉన్నాయి. నా మీద మొహాల్లేవు, గీతలూ పట్టీలూ రంగు చక్రాలూ ఉన్నాయి. పైగా అంతా ఇంగ్లీషు. అందుకని నాకు కాస్త టెక్కు ఎక్కువే ఉండేది.

నన్ను తయారుచేయించింది డాక్టర్ హిమజ. వైద్య కళాశాలలో పీజీ చదువుతోంది. రేబిస్ టీకా మీద నలభయ్యేళ్ళుగా ప్రపంచమంతటా అచ్చయిన పరిశోధన వ్యాసాల్ని ఆ పిల్ల కంప్యూటర్లో పోగేసింది. ఏ ఏడు ఎన్ని వచ్చాయి, ఏ దేశం ఎన్ని రాసింది, ఎవరి వ్యాసాన్ని ఎంతమంది తమ వ్యాసాల్లో పేర్కొన్నారు, ఇదీ లెక్క. అలా పేర్కోవడాన్ని సైట్ చేయడం అంటారు. ఎవరూ సైట్ చెయ్యని వ్యాసం ఉన్నా లేనట్టేనట. ఇండెక్స్ అని పేరున్న జర్నళ్ళ జాబితా ఒకటుంది, అందులో లేని జర్నలూ అంతేనట.

ఇన్ని వేల వ్యాసాలు ఎప్పటికి చదవను సార్ అని మొదట్లో పాపం హడలిపోయిందట. ఆమె గైడు ప్రొఫెసర్ వేదాచలం గారు చల్లగా నవ్వి, "చదవడమెందుకమ్మా? లెక్కపెడితే చాలు" అన్నారట. షాపులో అక్షరాలు సరిచూసుకుంటూ హిమజే ఈ మాట స్నేహితురాలికి చెప్పుకుని నవ్వుకుంది. కుక్క కరిచినవాళ్ళ కోసం మందు కనిపెట్టేవాళ్ళు కొందరు, ఆ మందు గురించి రాసేవాళ్ళు కొందరు, ఆ రాసినవాళ్ళని లెక్కపెట్టేవాళ్ళు మరికొందరు. నేను ఈ చివరివాళ్ళ సరుకుని.

నా నడుమ రెండు గీతలున్నాయి. నీలం గీత కొత్త టీకాల మీద వచ్చిన వ్యాసాలది, అది ఏడాదికేడాది పైకి పాకుతుంది. ఎర్రగీత పాత టీకాది. గొర్రె మెదడుతో చేసి బొడ్డు చుట్టూ పొడిచేవారే, ఆ మందు. అది దిగి దిగి అడుగున నేలకి ఆనుకుపోయింది.

పెద్ద హోటల్లో డాక్టర్ల సదస్సు జరిగింది, అక్కడి పోస్టర్ల పోటీలో నన్ను నిలబెట్టారు. బిరియానీ ప్లేట్లు పట్టుకుని డాక్టర్లు నా ముందు నుంచి గుంపులుగా నడిచారు. ఒకాయన మాత్రం నా ఎదుట ఆగాడు. నా జన్మ ధన్యమైందనుకున్నాను. ఐస్‌క్రీము ఎటువైపని హిమజనడిగి వెళ్ళిపోయాడు. న్యాయనిర్ణేతగా వచ్చినావిడ అక్షరాల సైజు బాగుందని మెచ్చుకుని రెండో బహుమతి ఇచ్చింది. వేదాచలం గారు నా పక్కన నిలబడి ఫొటో దిగారు. నాలో ఏముందో ఆయనా చదవలేదు, చదవమని నేనూ అడగలేదు.

ఆ తర్వాత డిపార్టుమెంటులో బీరువా వెనక చేరాను. గది సర్దేటప్పుడు అటెండరు అప్పన్న నన్ను విప్పి, గుడ్డ గట్టిగానే ఉందని చుట్టి చంకన పెట్టుకున్నాడు. తీసుకెళ్ళి చెల్లెలు నూకరత్నానికిచ్చాడు. ఆవిడకి బస్టాండు వెనక కాలవగట్టు మీద టిఫిన్ల బండి ఉంది. పడమటెండ తగలకుండా నన్ను బండికి అడ్డంగా కట్టింది. నా దేశాల పట్టీ మీద సాంబారు చిందింది. అయితేనేం, జనం నా వైపు తిరిగి కూర్చునేది ఇక్కడే.

మిగిలిన ఇడ్లీలు నూకరత్నం వీధికుక్కలకి వేసేది. వాటిలో నల్లోడంటే ఆవిడకి ప్రాణం. ఒకరోజు వాడు ఊరికే గుర్రుమంటూ వచ్చి, ఇడ్లీ వాసనైనా చూడకుండా ఆవిడ చీలమండ పట్టుకున్నాడు. ఆవిడ గాయానికి కారం, సున్నం అద్ది గుడ్డ చుట్టేసింది. పక్కన సోడాబండి గవర్రాజు ఆసుపత్రికెళ్ళమని పోరుపెట్టాడు.

"ఎల్తే బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులు పొడుత్తారు. మా నాన్నకి పొడిసినప్పుడు కాళ్ళు నొక్కిపట్టుకుంది నేనే. నావల్ల కాదు బాబూ" అంది నూకరత్నం.

మర్నాటి నుంచి నల్లోడు కనబడలేదు. కాలవలో శవమై తేలాడని గవర్రాజు చెప్పాడు. ఆవిడ విననట్టు చట్నీ రుబ్బుకుంది. చీర కుచ్చిళ్ళు మాత్రం ఇంకాస్త కిందికి దించి కట్టింది.

రేబిస్ జబ్బు బయటపడ్డాక దానికి మందు లేదు. బయటపడకముందే టీకా వేసుకోవాలి. ఈ ముక్క నా ఒంటి మీదే, పై వరసలోనే ఉంది. ఆవిడ రోజూ తడిచేత్తో దాన్నే తుడుస్తోంది. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళుమండింది కూడా. ఇన్ని దేశాల పేర్లు మోస్తున్నాను, ఒక్క తెలుగు ముక్క మొయ్యలేకపోయాను. బొడ్డు సూదుల మీద వ్యాసాలు రాయడం ప్రపంచం ఎప్పుడో మానేసింది. ఆ కబురు కాలవగట్టుకి ఎవరూ చెప్పలేదు.

ఇలా ఉండగా ఒక ఉదయం హిమజ టిఫినుకొచ్చింది. నన్ను చూసి తెల్లబోయి, తర్వాత పకపకా నవ్వి, ఫోను తీసి నాతో ఫొటో దిగింది.

"ఏటమ్మా, మా పరదాతో ఫొటో దిగుతున్నారు? ఏటి రాసుందేటి?" అంది నూకరత్నం, పెసరట్టు తిరగేస్తూ.

"రేబిస్ వ్యాక్సిన్ మీద గ్లోబల్‌గా..." అని మొదలెట్టి హిమజ ఆగింది. సదస్సులో ఎవరూ అడగని ప్రశ్న ఇది. తెలుగు మాటల కోసం కాసేపు వెతుక్కుంది. "కుక్క కరిస్తే వేసే సూదిమందు గురించండి."

నూకరత్నం చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "ఈ ఎర్రగీతేటి, ఇలా పడిపోనాది?"

"అది పాతమందండి. బొడ్డు చుట్టూ పొడిచేది. మన దేశంలో ఎప్పుడో ఆపేశారు. ఇప్పుడు దాని గురించి రాసేవాళ్ళే లేరు."

"మరిప్పుడెక్కడ పొడుత్తారు?"

"చేతికండి. నాలుగైదుసార్లు, అంతే. కాటు లోతుగా ఉంటే గాయం దగ్గర ఇంకో మందు వేస్తారు. అది కాస్త నొప్పే."

"బొడ్డుకి కాదా?"

"కాదండి."

నూకరత్నం స్టవ్వు ఆపేసింది. పెనం మీద పెసరట్టు అలాగే ఉంది. వంగి కుచ్చిళ్ళు పైకెత్తి, గుడ్డ విప్పింది. హిమజ ఫోను సంచిలో పడేసింది. కుళాయి కింద కాలు పెట్టించి, సబ్బుతో తానే కడిగి కడిగి, ఆటో పిలిచి ఎక్కించుకుపోయింది. బండికి గవర్రాజు కాపలా కూర్చున్నాడు. ఆ పూట నేను పడ్డ భయం పగవాడికి కూడా వద్దు.

సూదులన్నీ అయ్యాయి. ఆ జబ్బు సోకినవాళ్ళకి నీళ్ళు చూస్తేనే భయం, గుక్క దిగదు. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి, నూకరత్నం మంచినీళ్ళు తాగిన ప్రతిసారీ నేను కళ్ళార్పకుండా చూశాను. గటగటా తాగేది. ఇప్పుడు కాలు కుంటుతూ ఎవరు కనబడినా పట్టుకుని నా ఎర్రగీత చూపిస్తోంది. "ఇదిగో, బొడ్డుసూది సచ్చిపోనాది. చేతికే పొడుత్తారు, ఎల్లండి" అంటుంది. ప్రపంచంలో నా సారాంశం ఇంత చక్కగా ఇంకెవరూ చెప్పలేదు.

మొన్న హిమజ మళ్ళీ వచ్చింది. పెసరట్టు తింటూ వేదాచలం గారికి ఫోను చేసి, స్పీకరు పెట్టింది.

"సార్, మన రేబిస్ పోస్టరు ఒకరు చదివారు."

అవతల కుర్చీ కిర్రుమంది. "చదివారా! సైట్ చేశారా? ఏ దేశం వాళ్ళు?"

"రోజూ సైట్ చేస్తున్నారు సార్. నూకరత్నం గారని, కాలవగట్టు."

"అది ఏ జర్నలమ్మా? ఇండెక్స్‌లో ఉందా?"

హిమజ తలెత్తి చూసింది. నూకరత్నం పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ ఎవరితోనో దెబ్బలాడుతోంది.

"ఇండెక్స్ సంగతి తెలీదు సార్," అంది హిమజ. "బతికుంది."