భూలక్ష్మి చెప్పనన్న మాట

లింగమూర్తి బడికి వచ్చి నన్ను అడిగింది ఒకే ఒక వాక్యం. పిల్లలందరూ వింటుండగానే అడిగాడు.

"పంతులూ, భూలక్ష్మికి జర ఒక మాట నేర్పియ్యాలె. 'పొరపాటున అయింది, నాకు ఎవ్వరి మీద ఏం లేదు' అని. గంతే. ఈ పోరగాళ్లకు నేర్పినట్టే నేర్పు. నీ మాట ఇంటది."

ఆయన నవ్వుతూనే అడిగాడు. నేను బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. మొహం చూపిస్తే ఏం అనేస్తానో నాకే తెలియదు.

లింగమూర్తి మా రాయదుర్గం గుట్టల మీద రాయి తీయించే గుత్తేదారు; అందరూ పటేలు అని పిలుస్తారు. భూలక్ష్మి మా పెదనాయన బిడ్డ, నాకు అక్క. ఆమె భర్త మొగిలి ఆ ముందు వారమే గుట్ట మీద మందు పేలినప్పుడు రాళ్ల కింద పడి చనిపోయాడు. ఆ మందుకు వత్తి అంటించింది మా నాయిన పోచయ్య. నేను పాఠాలు చెప్పే బడి లింగమూర్తి ఇంటి అరుగు మీద నడుస్తుంది. ఇవన్నీ తెలిసే ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"ఆలోచన చెయ్యి. రాయి ఆగితే నాకొక్కనికే కాదు, మీ అందరికీ పని ఆగుతది," అని చెప్పి చెప్పులు టకటకలాడించుకుంటూ లోపలికి పోయాడు.

రాయి ఎందుకు ఆగిందో చెప్పాలి. మా రాళ్లు కొట్టేవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఏదైనా రాతి దగ్గర మనిషి పోతే ఆ రాతి మీద ఎవరూ సుత్తె వేయరు. పోయినవాడి ఇంటిమనిషి వచ్చి, అతను ఎట్లా పోయాడో నలుగురి ముందు తన నోటితో చెప్పి, రాతి మీద నీళ్లు చల్లి "ఇడిచిన" అనాలి. అప్పుడే మళ్లీ పని మొదలవుతుంది. ఆ రోజు ఆ మనిషి ఏం చెబితే ఊరికి అదే నిజం. తర్వాత దాన్ని ఎవరూ తిరగదోడరు. పోలీసు అమీన్ సాబు ఒకసారి వచ్చి చూసి, "ఇంటివాళ్లు ఏమన్నా చెప్పేది ఉంటే కచేరీకి రండి" అని వెళ్లిపోయాడు. అందుకే లింగమూర్తికి భూలక్ష్మి నోటి నుంచి ఆ పొరపాటు అనే మాట కావలసి వచ్చింది. ఆమె అది అంటే రాయీ విడుదలవుతుంది, ఆయనా విడుదలవుతాడు.

కానీ జరిగింది పొరపాటు కాదు. గుట్ట మీద పనిచేసే ప్రతి ఒక్కడికీ అది తెలుసు.

మందు కూరి వత్తి అంటించే ముందు, అంటించేవాడు గుట్ట మీద ఉన్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. పిలిచినవాడు చాటున దాక్కున్న చోటి నుంచి "ఉన్న" అని జవాబు ఇవ్వాలి. అందరి జవాబూ వచ్చాకే నిప్పు. మా తాతల నాటి నుంచి ఇదే పద్ధతి. ఆ రోజు రాయి ఎత్తుకుపోయే లారీ గుట్ట కింద నిలబడి ఉంది. డ్రైవరు హారను కొడుతున్నాడు. లింగమూర్తి మా నాయినతో, "పేర్లు పిలుసుకుంట కూసుంటే పొద్దుగూకుతది, అంటించు పోచయ్యా," అన్నాడు. మా నాయిన అంటించాడు. మొగిలి బావ అప్పటికింకా బండ వెనక గునపాలు ఏరుకుంటున్నాడు.

ఇది మొదటిసారి కూడా కాదు. అంతకు ముందు నెలలో ఇట్లాగే పిలవకుండా అంటించమంటే, ముసలి పెంటయ్య తాత వెంట్రుకవాసిలో బతికి బయటపడ్డాడు. అప్పుడు కూడా లింగమూర్తి, "పొరపాటైంది తాతా, ఏమనుకోకు" అని ఆయనకు కల్లు పోయించాడు. అందరూ నవ్వి ఊరుకున్నారు. మా నాయిన కూడా నవ్వాడు.

నేను మా ఇళ్లలో బి.ఏ. చదివిన మొదటివాణ్ణి. చదివిందంతా ఉర్దూలో. పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది, కొత్త సర్కారు బడులలో తెలుగు చెప్పమంది. పిల్లలతో పాటే నేనూ ఒక్కొక్క మాటకు సరైన అర్థం వెతుక్కుంటున్న రోజులవి. ఒక మాటను సరిగ్గా వాడడం నా ఉద్యోగం. దాన్ని తప్పుగా వాడడం నేర్పమని ఒక పెద్దమనిషి నా బడికే వచ్చి అడిగి, చెప్పులు టకటకలాడించుకుంటూ పోయాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేదాకా నా కోపం తగ్గలేదు. వచ్చాక పెరిగింది.

"ఆ ఒక్క మాట నేర్పియ్యరాదుర," అన్నాడు మా నాయిన. వాకిట్లో మంచం మీద కూచుని చేతులు చూసుకుంటున్నాడు. లింగమూర్తి నాకన్నా ముందే ఆయనతో మాట్లాడాడన్నమాట.

"ఏ మాట నాయినా?"

"నీకెరికే. పోయినోడు పోయిండు. ఉన్నోళ్లం బతకాలె గద."

"అక్కతో అబద్ధం చెప్పించమంటావా?"

"అబద్ధమేంది? ఎవడన్న కావాలని సంపిండా? పొరపాటు గాక ఇంకేంది?"

"పిలవొద్దని ఆయన నీతో అనలేదా?"

మా అమ్మ కిష్టమ్మ పొయ్యి దగ్గర నుంచి, "తిండి కాడ గా ముచ్చట తియ్యకు కొడుకా," అంది. ఆ రాత్రి నేను తినలేదు. మా నాయిన మొత్తం తిన్నాడు. అది కూడా నాకు కోపంగానే ఉండింది.

మరునాడు బడి వదిలాక భూలక్ష్మక్క ఇంటికి వెళ్లాను. ఆమె గుమ్మంలో కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను చూసి చేట పక్కకు పెట్టలేదు.

"రా తమ్మీ. పాఠం చెప్పుటానికి తోలిండట గద పటేలు. చెప్పు మరి, కూసున్న."

"అక్కా, నేను..."

"అరే, చెప్పుర. నాకు గూడ ఎరిక కావాలె. పొరపాటు అంటే ఏంది? నీ పుస్తకాలల్ల ఏమని ఉన్నది?"

ఆమె గొంతులో ఎగతాళి ఉంది, కానీ అడిగింది మాత్రం నిజంగానే అడిగింది. అందుకని పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. చేయాలనుకున్నది ఒకటి, చేయి జారి అయింది ఇంకొకటి అయితే పొరపాటు. కుండ ఎత్తబోయి జార్చడం పొరపాటు. ఒకరి పేరు పెట్టి ఇంకొకరిని పిలవడం పొరపాటు. అయ్యాక, అయ్యో ఇట్లా అయిందేమని మనమే ఉలిక్కిపడాలి.

ఆమె చేట చెరిగింది. "నేనొకటి చెప్త, సరిగున్నదో లేదో చూడు. నిరుడు మొగిలి నా కొత్త చీరె పొయ్యి కాడ ఆరేసి కాలవెట్టిండు. అది పొరపాటా?"

"పొరపాటే."

"మూడు దినాలు నేను మాట్లాడలే. నేను మాట్లాడకపోవుడు పొరపాటా?"

"కాదక్కా. అది కోపం."

"మంచిగ చెప్పినవ్." ఒక రాయి ఏరి బయటికి విసిరింది. "ఇప్పుడు ఇది సూడు. పేర్లు పిలువకుంటె మనిషి సస్తడని ఎరికుండి పిలువొద్దన్నడు, మొగిలి పొరపాటున సచ్చిండు. ఇది సరిగున్నదా?"

"లేదు."

"నువ్వు పంతులువు. సరిగ లేని మాట నన్ను అనుమంటవా?"

"అననక్కర్లేదు. నేను అదే చెప్పడానికి వచ్చాను."

ఆమె అప్పుడు చేట కింద పెట్టింది. నా కళ్లలోకి చూస్తూ, "చిన్నాయిన సంగతేంది మరి? ఆయన చేసింది పొరపాటా?" అంది.

నేను కింద పెట్టిన చేట వైపు చూశాను. ఆమె మళ్లీ అడగలేదు. బియ్యం ఎసట్లో వేయడానికి లోపలికి పోయింది.

రాయి విడిపించే రోజున గుట్ట మీదికి అందరూ వచ్చారు. ఎండ అప్పుడే బండలను కాలుస్తోంది. లింగమూర్తి కొత్త చీర, రవికె గుడ్డ పళ్లెంలో పెట్టుకుని వచ్చాడు. కొండాపూరు నుంచి పిలిపించిన ఇద్దరు పెద్దమనుషులు గొడుగు కింద కూచున్నారు. మా నాయిన వెనక వరసలో, తలకు రుమాలు చుట్టుకుని, నేల చూస్తూ నిలబడ్డాడు. భూలక్ష్మక్క నీళ్ల చెంబుతో రాతి ముందుకు వచ్చింది. పళ్లెం వైపు చూడలేదు.

అందరిలోకీ పెద్దవాడు పెంటయ్య తాత. అడగడం ఆయన వంతు.

"చెప్పు బిడ్డా. మొగిలి ఎట్ల పోయిండు?"

"చెప్త తాతా. పంతులుతోని నేర్చుకున్న, సక్కగ చెప్త."

లింగమూర్తి నా వైపు చూసి తల ఊపాడు. మంచి పని చేశావన్నట్టు. నా ఒళ్లు మండింది.

"నా పెండ్లయిన కొత్తల జొన్న గటకల ఉప్పు రెండుసార్లు ఏసిన," అంది భూలక్ష్మక్క. "అది పొరపాటు. మొగిలి ఒక్క మాట అనకుండ తిని, చెంబెడు నీళ్లు తాగిండు."

ఆడవాళ్లలో ఎవరో ముక్కు చీదారు.

"ఎండకాలంల మొగిలి చేతిల సమ్మెట జారి నీ కాలి మీద పడ్డది తాతా. అది పొరపాటు. పని ఇడిసిపెట్టి నిన్ను భుజాన ఏసుకొని దవాఖానకు ఉరికిండు."

"ఉరికిండు, ఉరికిండు," అన్నాడు పెంటయ్య తాత.

"ఈ పటేలు ఒకసారి పేర్లు పిలువొద్దన్నడు, నువ్వు సావు దప్పి బయటపడ్డవు. అది సూసిండు. సూసి మల్ల అదే మాట అన్నడు. లారీ నిలబడ్డదని అన్నడు. దీనికి పొరపాటు అనే మాట రాదు తాతా. నా నోట్లకెల్లి రాదు. నేను రాయి ఇడువ."

చెంబులో నీళ్లు రాతి మీద కాదు, పక్కన మట్టిలో కుమ్మరించింది.

లింగమూర్తి పళ్లెం పట్టుకుని అట్లాగే ఉన్నాడు. తర్వాత పళ్లెం ఎవరికో ఇచ్చి ముందుకు వచ్చాడు.

"ఎవడు నేర్పిండే నీకు ఈ మాటలు?"

"నువ్వే గద పటేలా, పంతులును తోలిచ్చింది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు ఆయన మొహం నల్లబడింది. నా వైపు తిరిగాడు.

"వత్తి అంటించింది నేనా పంతులూ? నా చేతిల నిప్పు ఉండెనా? మీ నాయిన అంటించిండు. బి.ఏ. చదివినవ్ గద, చెప్పు. మీ నాయిన చేసింది పొరపాటా, కాదా? అందరి ముంగట చెప్పు."

ఆయన తెలివి నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. మా నాయినను కాపాడుకోవాలని నేను పొరపాటు అంటే, అదే మాట చాటున ఆయన కూడా దాక్కుంటాడు. కాదంటే మా నాయినను నా చేతులతోనే దోషిగా నిలబెడతాడు. మా నాయిన మొదటిసారి తల ఎత్తి నన్ను చూశాడు. ఆ చూపు అడుగుతున్నదేమిటో నాకు తెలుసు. ఆ మాటతో నేను ఆయనను కాపాడగలనని ఆయన నమ్మాడు. భూలక్ష్మక్క కూడా నా వైపే చూస్తోంది.

"కాదు," అన్నాను. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "పొరపాటు కాదు, తప్పు. పిలవొద్దని చెప్పింది మీరు. పిలవాలని తెలిసి పిలవనిది మా నాయిన. ఇద్దరిదీ తప్పే. మీ తప్పు ముందు, మా నాయిన తప్పు దాని వెనక."

"రేపటి నుంచి నా అరుగు మీద బడి లేదు!"

"మంచిది. చెట్టు కింద చెప్పుకుంటాం."

పెంటయ్య తాత తన సుత్తె భుజాన వేసుకుని గుట్ట దిగడం మొదలుపెట్టాడు. ఒకరి వెనక ఒకరు అందరూ దిగారు. లింగమూర్తి వెనక నుంచి మియాపూరు నుంచి మనుషులను తెప్పిస్తానని, ఒక్కొక్కడి సంగతి చూస్తానని అరుస్తూనే ఉన్నాడు. మియాపూరులో రాళ్లు కొట్టేవాళ్లకూ ఇదే కట్టుబాటు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మా నాయిన నాకన్నా ముందు ఇంటికి చేరాడు. నేను వెళ్లేసరికి వాకిట్లో నిలబడి ఉన్నాడు. కాళ్లు కూడా కడుక్కోలేదు.

"కన్నతండ్రిని నలుగురి ముంగట నిలవెట్టినవ్."

"ఆయన నిలబెట్టాడు నాయినా. నేను నిజం చెప్పాను."

"చదివిచ్చింది గిందుకేనార?"

"ఇందుకే అనుకుంటున్నాను."

కొడతాడనుకున్నాను. చెయ్యి లేచింది కూడా. మా అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ చెయ్యి అట్లాగే ఆగి, మెల్లగా ఆయన మొహం మీదికే పోయింది.

"పిలుస్తనంటె పనికెల్లి తీసేస్తడనుకున్న," అన్నాడు వేళ్ల సందున. "మొగిలి గునపాలు ఏరుతున్నడని నాకెరికలేదుర. నా అన్న బిడ్డ మొగడు. నాకెరికలేదు."

ఆయన ఏడుస్తున్నా నా కోపం తగ్గలేదు. తగ్గి ఉంటే బాగుండేది.

"తెలుసుకునేందుకే కదా నాయినా పిలిచేది," అన్నాను.

మా అమ్మ నీళ్లు తెచ్చి ఇస్తే కాళ్లు కడుక్కున్నాడు, మొహం కడుక్కున్నాడు. రుమాలు విప్పి మళ్లీ గట్టిగా చుట్టుకున్నాడు.

"నడు."

"ఎక్కడికి?"

"అమీన్ కచేరికి. నా తప్పు నువ్వెందుకు చెప్పుడు? నేను చెప్పుకుంట. పిలువొద్దన్నోని పేరు గూడ చెప్త. నువ్వు పక్కకు నోరు మూస్కొని నిలవడు."

"భూలక్ష్మక్కను కూడా పిలవాలి. ఇంటివాళ్లు రావాలని అమీన్ సాబు అన్నాడు."

"పిలువు. నేను ఆ ఇంటికి రాను. ఇయ్యాల రాను."

నేను అక్కను పిలుచుకుని వచ్చేసరికి ఆయన అప్పటికే బాట మీద దూరంగా నడుస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆగలేదు, వెనక్కి తిరగలేదు. మేమిద్దరం ఆయన వెనకే నడిచాం.