ఫోల్డర్ యజమాని

"ఈ ఫోల్డర్ తెరిచే అనుమతి మీకు లేదు."

తెర మీద మళ్లీ అదే మాట. కోడలు ఇంకోసారి నొక్కి చూసింది. ముందుగదిలో, కొత్త ఆసుపత్రి కట్టించబోయే డాక్టరమ్మ అప్పటికే వాచీ చూసుకుంటోంది. ఆమెకు చూపించాల్సిన నక్షలు, కోడలి ఏడాది కష్టం, ఆ ఫోల్డర్లోనే ఉన్నాయి. ఇవాళ డాక్టరమ్మ సరేనంటే ఆఫీసు బోర్డు మీద మామగారి పేరు పక్కన కోడలి పేరు ఎక్కుతుంది. ఆ మాట పదిమందిలో ఇచ్చింది మామగారే.

"ఏమ్మా రబ్బరూ, తెరుచుకుందా?" పక్కనే తలుపు తెరిచి ఉన్న తన గదిలోంచి కేకేశాడాయన.

ఆ ఆఫీసు కంప్యూటర్లలో ఎవరి ఖాతాకు ఏ పేరుండాలో ఆయనే తేల్చాడు. తను కంపాస్. కొడుకు స్కేలు. నక్షలు గీసే ఉద్యోగి గుండుసూది. కోడలు పనిలో చేరిన రోజున, "మా తప్పులు చెరపడానికి పనికొస్తావులే" అంటూ రబ్బరు అని టైపు చేశాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"లేదు మామయ్యగారూ. ఈ ఫోల్డర్ జోలికి నేను కాక వచ్చేది గుండుసూది ఒక్కడే."

ఆ మాట చాలు. మామగారు విసురుగా వచ్చి, "నక్షలు కాజేద్దామనా?" అంటూ గుండుసూది సంచిని బల్ల మీద బోర్లించాడు. టిఫిన్ డబ్బా, మందుల పొట్లం, బాగుచేయించడానికి తెచ్చిన పసిపిల్ల బూటు దొర్లిపడ్డాయి.

"అమ్మా, మీరైనా చెప్పండి. నేనెందుకు చేస్తానమ్మా?"

కోడలు తల తిప్పుకుంది.

"దొంగ ఏడుపులు ఆపి బయటికి నడువు. మళ్లీ ఈ మెట్లెక్కావో, కాళ్లు విరగ్గొడతా."

గుండుసూది చేతికందినవి ఏరుకుని వెళ్లిపోయాడు. బూటు బల్ల కిందే ఉండిపోయింది.

మామగారు మళ్లీ తన కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. మౌస్‌ను టకటకా నొక్కుతున్నాడు. మెడంతా చెమట.

"నాక్కూడా రావట్లేదేంట్రా! నాకైతే రావాలి కదా!"

కోడలు తలెత్తింది. నాకైతే అంటాడేమిటి?

"నేను మన కంప్యూటర్లన్నిట్లో వేసిన ఉచిత ప్రోగ్రాం పనే నాన్నా ఇది," అన్నాడు కొడుకు. "దాంతో ఎవరి ఫోల్డర్నైనా ముందు మన పేరు మీదికి లాక్కోవచ్చు. తర్వాత మిగతావాళ్లకి తాళం వేయొచ్చు. కానీ ఎవడో 'అందరికీ నిషేధం' అని నొక్కాడు. అందరిలో తనూ ఉంటాడని ఆ వెధవకి తట్టలేదు. ఇప్పుడు వాడికీ తెరుచుకోదు."

మామగారి మొహం మాడిపోయింది.

"తాళం తీసే దారి లేదా?" కోడలు అడిగింది.

"ఎందుకు లేదు? మళ్లీ నీ పేరుకి మార్చేద్దాం."

అతను ఆమె పక్కకు వచ్చి, అన్ని ఖాతాల మీదా పనిచేసే పెద్ద పాస్‌వర్డ్ కొట్టాడు. చిన్న పెట్టె తెరుచుకుంది. ఫోల్డర్ ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో అందులో రాసుంది. కింద 'మార్చు' అనే బొత్తం. కొడుకు చెయ్యి మౌస్ మీదే బిగుసుకుపోయింది.

"ఏమయ్యా, చూపిస్తారా, వెళ్లమంటారా?" డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చేసింది.

"ఒక్క క్షణం మేడమ్," మామగారు చటుక్కున లేచొచ్చి నవ్వు పులుముకున్నాడు. "మా ఉద్యోగి ఒకడు నమ్మకద్రోహం చేశాడు. ఇప్పుడే తరిమేశాను. నా నక్షలన్నీ దీంట్లోనే ఇరుక్కున్నాయి."

నా నక్షలు. కోడలికి అంతా అర్థమైంది.

"పేరేదో కనిపిస్తోందిగా," డాక్టరమ్మ కళ్లు చిట్లించింది. "అతనిదేనా?"

"వాడిదే అయ్యుంటుంది. చదువమ్మా, గట్టిగా చదువు!" తెర వైపు చూడకుండా, కోడలి కళ్లలోకి గుచ్చి చూస్తూ అన్నాడు మామగారు.

"వద్దు," కొడుకు ఆమె చెవి దగ్గర గొణిగాడు. "మార్చు నొక్కేద్దాం. నీ పేరు బోర్డెక్కుతుంది. అంతే కదా మనకి కావాల్సింది."

కోడలు బల్ల కింది బూటు వైపు చూసింది. మౌస్ మీంచి మొగుడి చెయ్యి తీసేసింది.

"యజమాని, కంపాస్," గది దద్దరిల్లేలా చదివింది. "మామయ్యగారూ, తాళం వేసింది మీరే."