నా మీద పడ్డ అనుమానం

నేను ఒక కళ్లజోడుని. తెనాలిలో దస్తగిరి గారు అద్దాలు అరగదీసి, గోధుమరంగు ఫ్రేములో బిగించి, లెక్కల టీచరు హేమవాణి గారి ముక్కు మీద నన్ను కూర్చోబెట్టారు. మూడేళ్ల క్రితం ఆమెకు రొమ్ము కేన్సర్ వచ్చి తగ్గింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు క్లాసులో బోర్డు మీద తాను రాసిన ఒక్క ఏడు పక్కన ఇంకో ఏడు కనిపించింది ఆమెకు. నన్ను తీసి, చీరచెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. రెండూ అలాగే ఉన్నాయి.

"ఈ జోడులోనే ఏదో తేడా ఉంది" అన్నారు. మనుషులకు ఒంట్లో ఏం తేడా వచ్చినా ముందు తప్పు వస్తువుదే.

నాకూ నా మీద అనుమానం పట్టుకుంది. కానీ రాత్రంతా నేను పెట్టెలోనే ఉన్నా, పొద్దున లేవగానే ఆమెకు తలనొప్పి, వాంతులు. నేను కాకపోతే మరెవరు?

ఆమె నన్ను మళ్లీ కొట్టుకి తీసుకెళ్తే, దస్తగిరి గారు నన్ను పక్కన పెట్టి, ఆమెను ఒక కన్ను మూయమన్నారు.

"ఇప్పుడెన్ని కనబడుతున్నాయమ్మా?"

"ఒకటే."

"అయితే ఇది అద్దాలతో పోయేది కాదు. పెద్ద డాక్టరుకి చూపించండి. ఆలస్యం చేయొద్దు."

గుంటూరు డాక్టరు స్కానింగ్ తీయించి, వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. నీటిలో ఏమీ దొరకలేదు. భర్త సూర్యం గారు హమ్మయ్య అనుకున్నారు. డాక్టరు మాత్రం స్కానింగ్ ఫిల్మునే చూస్తూ, "నాకు నమ్మకం కుదరడం లేదు. నీరు ఇంకోసారి తీద్దాం" అన్నారు.

రెండో రిపోర్టు వచ్చాక సూర్యం గారు వరండాలో డాక్టరుతో గొంతు తగ్గించి మాట్లాడారు. లోపలికొచ్చి, "నరాల నీరసమట" అన్నారు. ఆమె చూపు ఆయన చేతిలో మడిచి ఉన్న కాగితం మీదే ఉంది.

"ఇలా ఇవ్వండి."

"నువ్వు చదవలేవులే హేమా."

ఆమె నర్సును అడిగి నా ఎడమ అద్దానికి తెల్ల ప్లాస్టరు అంటించుకున్నారు. ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, మిగిలిన అద్దంలోంచి రిపోర్టు మొత్తం చదివారు. పాత కేన్సర్ కణాలు మెదడునూ వెన్నుపామునూ కప్పి ఉండే పొరల్లోకి పాకాయి.

"ఇది నా ఒళ్లండీ. నాకు చెప్పకుండా ఇంకెవరికి చెబుతారు?"



వెన్నులోకి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. రోగం పోదనీ, కొన్ని నెలలు దక్కవచ్చనీ డాక్టరు ఈసారి ఆమెకే చెప్పారు. నాలుగు నెలలు దక్కాయి.

ఆ మధ్యలో ఒక ఉదయం చూపు కాస్త కుదురుకుంది. ప్లాస్టరు ఊడదీసి నన్ను పెట్టుకున్నారు. ఎదురుగా కాఫీ గ్లాసుతో ఒక్క సూర్యం గారే నిలబడి ఉన్నారు.

"ఇంత చిక్కిపోయారేంటండీ? అసలు తింటున్నారా?"

తింటున్నానన్నారు ఆయన. ఆమె నమ్మలేదు. నేనూ నమ్మలేదు.