భుజం మీద నాలుగు వేళ్ళు

"రమాసుందరి గారెవరు?"

విజయవాడ నుంచి వచ్చిన పీఎఫ్ ఆఫీసరు అడగగానే, కాఫీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ రమాసుందరి వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. పిల్లల్ని ముందే ఇళ్ళకు పంపేశారు. ఖాళీ తరగతి గదుల్లో ఎక్కడో ఒక కిటికీ రెక్క కొట్టుకుంటోంది.

"నేనేనండి." ఆ గొంతు ఇంకెవరిదోలా వినిపించింది ఆమెకు.

"స్కూలు యజమాని మీరేనా? మరి కాఫీ మీరు తెచ్చారేంటమ్మా?"

గోడ మీద ఆమె ఫొటో ఉంది. కింద 'కరస్పాండెంట్' అని రాసి ఉంది. పెళ్ళయిన కొత్తలో భర్తతో కలిసి దిగిన ఫొటోలోంచి ఆమెను మాత్రం కత్తిరించి ఫ్రేము కట్టించాడు ఆయన. సరిగా తెగలేదు. ఎడమ భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలిపోయాయి. ఈ గది ఊడ్చినప్పుడల్లా ఆ భుజం జలదరించేది. ఇవాళ ఆ వేళ్ళు మెడ వైపు కాస్త జరిగినట్టున్నాయి.

ఆయన గంపలగూడెంలో ప్రభుత్వ మేష్టరు. సొంతానికి స్కూలు నడిపితే ఉద్యోగం ఊడుతుంది. అందుకే ఈ స్కూలుని భార్య పేరున పెట్టాడు. పోపు వేస్తుంటే వచ్చి "ఇక్కడో సంతకం పడెయ్" అనేవాడు. ఏంటండీ అంటే "చెప్పినా నీకర్థం కాదులే, పప్పు మాడుతోంది చూసుకో" అనేవాడు. చేతులు తుడుచుకుని పెట్టేది. ఎల్‌కేజీకి పాఠాలు చెప్పింది, గదులు ఊడ్చింది. ఓసారి జీతమడిగితే "ఇంటి మనిషికి జీతమేంటి?" అని పడీ పడీ నవ్వాడు. అలా పొయ్యి దగ్గర తనొకతి, కాగితాల్లో ఇంకొకతి తయారయ్యారు. ఆ రెండోది మనుషుల్ని ఉద్యోగంలో పెట్టుకుంది. పీఎఫ్ అని నెలనెలా వాళ్ళ జీతాలు కోసి, ఎక్కడా కట్టకుండా మింగేసింది. తను నిద్రపోతున్నప్పుడు కూడా అది ఊళ్ళో తిరుగుతూనే ఉండేదేమో.

మోకాళ్ళు పడిపోయి పని మానేశాక ఆయా సామ్రాజ్యం తన డబ్బు కోసం పీఎఫ్ ఆఫీసుకి వెళ్తే, ఆ పేరున ఖాతాయే లేదన్నారు. ఆమె పెట్టిన ఫిర్యాదు మీదే ఈ విచారణ.

"అమ్మగారేం ఎరగరండి," బెంచీ మీంచి అంది సామ్రాజ్యం. "మాకు కోయడానికి జీతమన్నా ఉంది. ఆయమ్మకి అదీ లేదు."

పక్కనున్న టీచరు రిబ్కా నవ్వాపుకుంది.

"వీళ్ళంతా జీతం లేకుండా సేవకొచ్చేవాళ్ళని చెప్పి సంతకం పెట్టెయ్. నీ దగ్గరేముందని పట్టుకుపోతారు?" అని పొద్దున గంపలగూడెం బడికి బయల్దేరుతూ చెప్పాడాయన. కానీ పక్కగది తెర కింద ఇప్పుడు ఆయన చెప్పులు కనిపిస్తున్నాయి. వాటిల్లో పాదాలున్నాయి. కదలడం లేదు.

"మీ పేరున ఆస్తేమన్నా ఉందామ్మా?"

"బయటి బోర్డొకటే ఉందండి."

"అయితే యజమాని మీరేనంటే వీళ్ళకి పైసా రాదు. కాగితం సంగతి వదిలెయ్యండి. మనుషుల్ని పెట్టేది, తీసేది, జీతం కోసేది ఎవరో వాళ్ళ దగ్గరే వసూలు చేస్తాం." ఆఫీసరు చూపు గోడ మీద ఆగింది. "ఆ వేళ్ళెవరివి?"

"మా వారివి."

"పేరు?"

తెర వెనక చిన్న దగ్గు. ఆ దగ్గుకు ఏ అర్థముందో ఆమెకు తెలుసు. ఏమండీ, మావారు, కూతురు పుట్టాక శర్వాణి వాళ్ళ నాన్న. ఇన్నేళ్ళూ ఆయనకి ఇవే పేర్లు. "మొగుడి పేరు నోటితో అంటే ఆయుక్షీణమే" అని కాపరానికొచ్చిన రోజే చెప్పింది అత్తగారు. ఇప్పుడు అంటే పోయేది ఆయన ఉద్యోగం. ఇంట్లోకి వచ్చే జీతం అదొక్కటే.

సామ్రాజ్యం మోకాలు నిమురుకుంటోంది.

రమాసుందరి ఎడమ భుజం దులుపుకుంది.

"రాసుకోండి. సంతకాలు నావే, కాదనను. కోసిందీ, మింగిందీ..."

తెరకేసి తిరిగి, పెళ్ళయ్యాక మొదటిసారి, గది దాటి వినిపించేంత గట్టిగా పలికింది.

"దత్తాత్రేయులు."