తలుపు మూసిన పొదుపు

పోలీసు చర్యకు ముందటి వానాకాలం, అంటే నలభై ఎనిమిదిలో, మెదక్‌లో నాకంటే పిరికిది ఇంకొకతె ఉందంటే నేను ఒప్పుకోను. కుక్క మొరిగితే రజాకార్లు వచ్చారనుకునేదాన్ని. మొరగకపోతే కుక్కను చంపి మరీ వచ్చారనుకునేదాన్ని. పల్లెల్లో నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు అన్నం పెట్టారని ఇళ్లు తగలబెడుతున్నారట, తీసుకుపోయిన మగవాళ్లు తిరిగి రావడం లేదట. ఈ ‘అట’లన్నీ మా ఆయన జయానందం తాను పాఠాలు చెప్పే బడి నుంచి మోసుకొచ్చి, మజ్జిగన్నం తింటూ నాకు చెప్పి, చేయి కడుక్కొని హాయిగా గుర్రు పెట్టేవాడు. నాకు మాత్రం తెల్లవార్లూ కన్ను మూతపడేది కాదు.

అందుకని నేనొకటి నిశ్చయించుకున్నాను. షోలాపూర్‌లో మా అన్న బట్టల మిల్లులో పనిచేస్తున్నాడు. పరిస్థితి చేయి దాటిందంటే, నలుగురం కట్టుబట్టలతో అక్కన్నపేటలో రైలెక్కి అన్న దగ్గర పడాలి. నలుగురంటే మేమిద్దరం, మా నాలుగేళ్ల నవోమి, మా అత్త జ్ఞానమ్మ. దానికి చేతిలో అరవై రూపాయలన్నా ఉండాలి. మా ఇంట్లో నెలాఖరుకు మిగిలేది పంతులూ, పంతులు గొడుగూ.

ఇంకేం, కోతలు మొదలుపెట్టాను. పాలు పిల్లకు సరిపడా ఉంచి మిగతావి మాన్పించాను. చాయ్ ఊసే లేదు. సన్నబియ్యానికి బదులు జొన్నలు తెచ్చి ఇంట్లోనే విసరడం మొదలుపెట్టాను. కిరసనాయిలు ఎలాగూ దొరకడం లేదు కాబట్టి దీపం ఒక్కటే, అదీ వంట అయ్యేదాకా. మా అత్త ఆకు వక్కలు రోజుకు ఆరుసార్ల నుంచి రెండుకు తెచ్చాను. “నా నోటికాడికే వచ్చిందా నీ పొదుపు” అని ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మంచిదే అనుకున్నాను, మాటలు కూడా ఆదా.

ఆ తర్వాత చాకలి ఐలవ్వ వంతు వచ్చింది. ఆమె గురించి ఒక మాట చెప్పాలి. మా కిరస్తానీ వాడ బట్టలు ముట్టేది లేదని ఊరి చాకళ్లంతా భీష్మించుకున్న రోజుల్లో తనంతట తాను వచ్చి మూట ఎత్తుకున్న మనిషి. దానికి కులం వాళ్లకు తప్పు కింద జరిమానా కట్టింది కూడా. మా పెళ్లికి ముందు నుంచీ ఈ ఇంటి బట్టలు ఆమె చేతి మీదుగానే పోయాయి. అలాంటిదాన్ని నెలకు రెండు రూపాయల కోసం వద్దనాలి. మాకు జరగడం లేదు అని చెబితే పోయేది. పంతులమ్మను కదా, నోరు రాలేదు. “నీ చేతిల బట్టలు చినుగుతున్నయి, ఇగ రాకు” అన్నాను. ఐలవ్వ నా ముఖంలోకి చూసి, మూట గుడ్డ మడిచి చంకన పెట్టుకుని పోయింది.

అన్నాక ఇంకో చిక్కు వచ్చిపడింది. బట్టలు నేనే ఉతుక్కుంటున్నానని వాడకు తెలిస్తే పరువు పోదూ? తలుపు వేసుకుని వెనక గదిలో ఉతికేదాన్ని, లోపలే దండెం కట్టి ఆరేసేదాన్ని. ఎవరన్నా వస్తే చాయ్ ఇవ్వాల్సి వస్తుందని గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపేదాన్ని. పొద్దు గూకితే ఇల్లంతా చీకటి. రెండు నెలలు తిరిగేసరికి పప్పు కుండ అడుగున పద్దెనిమిది రూపాయలు చేరాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బయటి నుంచి చూసేవాళ్లకు అదంతా ఎలా కనబడుతుందో నాకు తట్టనే లేదు. నలుగురే తినే ఇంట్లో పొద్దస్తమానం విసుర్రాయి చప్పుడు. ఎప్పుడూ మూసిన తలుపు. దీపం ఉండదు. చాకలిని మాన్పించారు, బట్టలు ఎండకు రావు. ఆఖరికి ఒక రోజు జయానందమే బడి నుంచి నల్లబడిన ముఖంతో వచ్చి, తోటి పంతులొకాయన తనను పక్కకు పిలిచి మీ ఇంట్లో ఎవరన్నా దాక్కుని ఉన్నారా అని అడిగాడని చెప్పాడు. రేపటి నుంచి తలుపు తీసి పెడదాం అనుకున్నాం. ఆ రేపు రానే లేదు.

మర్నాడు పొద్దున పది గంటలకు, ముసురు పడుతుండగా, పోలీసు అమీను వచ్చాడు. వెంట తుపాకులతో ఆరుగురు. వాళ్ల మధ్యలో జయానందం, చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి, పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. బడిలో పిల్లల ముందు నుంచే తీసుకొచ్చారు. నవోమి నాయనా అంటూ ఉరకబోతే మా అత్త దాని నోరు మూసి గుండెకు అదుముకుంది. నేను గోడను పట్టుకుని నిలబడ్డాను. ఈయన్ను తీసుకుపోతే ఇక నేను చూడను అని ఒక్కటే మాట లోపల తిరుగుతోంది.

గది గదీ తిరగేశారు. ధాన్యం ఒలకబోశారు. పప్పు కుండ పగిలింది, పద్దెనిమిది రూపాయలూ నేల మీద దొర్లాయి. సంఘం చందానా అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే అమీను వాటిని తన జేబులో వేసుకున్నాడు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆ డబ్బు మీద నాకు చింతాకంత కూడా ప్రాణం లేదు. అమీను వెనక గదిలోకి పోయి దండెం మీది బట్టలు ఒక్కొక్కటే పట్టి చూస్తున్నాడు. ఒక పొడుగు చొక్కా దగ్గర ఆగాడు. దాన్ని తెచ్చి జయానందం భుజాలకు ఆనించాడు. చేతులు జానెడు పొడుగు, ఒళ్లు మోకాళ్ల దాకా వచ్చింది.

“గీ అంగి ఎవనిది?” అన్నాడు.

చనిపోయిన మా మామది. పిల్లకు కొత్త బట్ట కొనడం ఎందుకని, దానితో గౌను కుడదామని పెట్టెలోంచి తీసి నిన్ననే ఉతికాను. చనిపోయిన మామదని మాత్రం చెప్పాను, నత్తి నత్తిగా. అమీను నవ్వాడు.

“సచ్చినోని అంగి తడిగెందుకుంది?”

చెప్పింది నిజమే, అది కాస్తా అబద్ధంలాగే వినబడింది. ఇంట్లో దొంగను పెట్టుకున్నా ఇంతకంటే బాగా చెప్పేదాన్నేమో. అమీను గుమ్మంలోకి పోయి, ఈ ఇంటి చాకలిని తీసుకురమ్మన్నాడు. ఏ ఇంట్లో ఎన్ని తలలున్నాయో దేవుడి తర్వాత చాకలికే తెలుసు కదా.

ఐలవ్వ వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. యేసయ్యా అని కూడా అనలేకపోయాను. ఆమె చెప్పాల్సింది ఒక్క మాట. రెండు నెలలైంది నన్ను రావద్దని చెప్పి, ఎందుకో ఆమెనే అడుగుండ్రి. అంతే, నా సంసారం ముగిసినట్టు. ఆ మాట చెప్పే హక్కు కూడా ఆమెకుంది. నోటికాడి కూడు తీసింది చాలక నింద కూడా వేసినదాన్ని నేను.

ఐలవ్వ వానకు తల మీద కప్పుకున్న గొంగడి కొప్పెర దులుపుకొని లోపలికి వచ్చింది. నా వైపు చూడలేదు. చొక్కా అందుకుని, మెడ పట్టీ తిరగేసి, లోపలున్న మూడు నల్ల చుక్కలు అమీనుకు చూపించింది. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి చాకళ్లు నల్లజీడి గింజతో పెట్టుకునే గుర్తు అది.

“గిది నా గుర్తే దొరా. గీ ఇంటి ముసలయ్యది అంగి. ముసలయ్య పోయినంక ముసలమ్మ గిదే కప్పుకొని పంటది. నిన్ననే నేను ఉతికిన. ముసురుకు ఆరలె, తడివే తెచ్చిచ్చిన. ఇంట్ల ఆరేసుకున్నరు.”

మా అత్త తల వంచుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. అది చూసి అమీను ఏమనుకున్నాడో ఏమో. అబద్ధమైతే తోలు తీస్తానని ఐలవ్వను రెండుసార్లు బెదిరించాడు. రెండుసార్లూ ఆమె అదే మాట, అదే గొంతుతో చెప్పింది. చివరికి కట్లు విప్పి జయానందాన్ని గుమ్మంలోకి ఒక్క తోపు తోసి వెళ్లిపోయారు. ఐలవ్వ కూడా వాళ్ల వెనకే పోయింది. నేను అక్కడే కూలబడి, నవోమి భయపడేంతగా ఏడ్చాను.

సాయంత్రం వెనక తలుపు మెల్లగా చప్పుడైంది. తీస్తే ఐలవ్వ. పొద్దుటి మేలుకు ఏదన్నా అడగడానికి వచ్చిందనుకున్నాను, అడిగితే నా చేతికున్న గాజులు ఇద్దామనుకున్నాను. ఆమె చుట్టూ చూసి, కొంగు చాటు నుంచి గుడ్డలో చుట్టిన జొన్న రొట్టెలు తీసింది.

“పిలగానికి పెట్టు, పంతులమ్మా.”

ఏ పిలగాడు అన్నాను.

“నాకు చెప్పకు. పేరు సుత చెప్పకు. తెల్వకుంటే కొట్టినా చెప్పేదుండది గద” అని గొంతు ఇంకా తగ్గించింది. “బట్టలియ్యనన్న నాడే నాకు సమజైంది. నా చేతిల బట్టలు చినుగుతయా? ఇంట్ల ఎవన్నో దాసిపెట్టింది, పాపం, నాకు చెప్పలేక గా మాటన్నదనుకున్న. ముసలయ్య అంగి వానికిచ్చినవ్. మంచి పని జేసినవ్ బిడ్డా.”

పిసినారితనాన్ని పరువు కోసం దాచుకుంటే, ఈ మనిషి దాన్ని పుణ్యం కింద జమ కట్టుకుంది. ఆ నమ్మకంతోనే పొద్దున తన తోలు పణంగా పెట్టి వచ్చింది.

అప్పుడు చెప్పింది ఆమె తన కొడుకు గాలయ్య సంగతి. మిల్లులో పనికి బొంబాయి పోయాడని వాడలో అందరం అనుకుంటున్నాం. పోయింది బొంబాయికి కాదు, సంఘం వాళ్ల వెంట. నాలుగు నెలలైంది, ఉన్నాడో లేడో కబురు లేదు.

“యాడనో ఎవరో ఒక తల్లి గిట్లనే తలుపు పెట్టుకొని వానికింత పెడ్తున్నదనుకుంట” అంది. “గట్లనుకుంటెనే నాకు ముద్ద దిగుతది. నిన్ను జూసినంక నమ్మకమైంది. ఉన్నరు, నీ అసుంటోళ్లున్నరు.”

ఇక్కడ ఎవరూ లేరు ఐలవ్వా, ఉన్నది నేనూ నా పీనాసితనమూ అని చెప్పాలి. చెప్పి తీరాలి. రేపు ఆమెను మళ్లీ పట్టుకుపోయి కొడితే, ఆ ఇంట్లో ఒకడున్నాడని నోరు జారితే, జయానందం ఇక దక్కడు. పారిపోదామంటే చేతిలో దమ్మిడీ కూడా మిగల్లేదు. నిజం చెబితే నా ఇల్లు నిలుస్తుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె నా వైపు కాకుండా నా భుజం మీదుగా లోపలి చీకటిలోకి చూస్తోంది, అక్కడ నిజంగానే ఎవరో ఉన్నట్టు.

చేతులు చాచి రొట్టెలు తీసుకున్నాను. ఇంకా వేడిగా ఉన్నాయి. నా చేతులను ఆమె తన చేతులతో ఒకసారి గట్టిగా పట్టుకుంది, వెళ్లబోతూ ఆగింది.

“ఒక్క మాట జెప్పు. నిద్రపోతుండా వాడు?”

“పోతుండు ఐలవ్వా” అన్నాను. “మంచిగ నిద్రపోతుండు.”