కటకటాల గీతలు

ఇంగ్లండు రాజులు దానపత్రాలు గొర్రెతోలు మీద రాయించే రోజులవి. హాల్టన్ ఊరికి మేతబీడు రాసిచ్చిన పత్రాన్ని రద్దు చేసి బీడు జమీందారుకి ఇమ్మన్న రాజాజ్ఞ పట్టుకుని, ఆ జమీందారుగారి దివాను ఫుల్క్ లండన్ కచేరీకి వచ్చాడు. పత్రం మీద రద్దు గీతలు గీయడానికి ముసలి గుమాస్తా ఓస్బర్ట్ కలం అందుకోగానే, ఫుల్క్ బల్ల మీదున్న సిరా గీకే కత్తి చూపించాడు.

“గీతలెందుకోయ్? అక్షరం మిగలకుండా గీకిపారెయ్.”

“గీకేది నా చేతి తప్పుల్ని. రాజుగారి మాటని కాదు.”

“ఏదైతేనేం, రద్దేగా.”

“రద్దుకి మన లాటిన్ మాట పుట్టిందే కటకటాల నుంచి, దివాన్‌గారూ. రాత మీద కటకటాల్లా గీతలు గీస్తే అది చెల్లదు, అంతే. కటకటాల వెనకున్న మనిషి కనపడకుండా పోతాడా?”

“నీ ఉద్యోగం ఊడుతుంది.”

“ఊడనివ్వండి. నలభై ఏళ్లు చేశాను, చాలు.”

ఓస్బర్ట్ కావాలనే గీతలు సన్నగా, ఎడంగా గీశాడు. సందుల్లోంచి ఊరి పేరూ బీడు హద్దులూ స్పష్టంగా కనపడుతున్నాయి.

“బీడు మీదే, తీసుకోండి,” అన్నాడు పత్రం చుట్టచుడుతూ. “ఎవరి నోటి దగ్గర కూడు లాక్కున్నారో మాత్రం ఈ పత్రంలో, ఈ కచేరీలోనే ఉంటుంది.”